నుమాయిష్ గుంజలు: నాంపల్లి మైదానంలో తాత్కాలిక కట్టడాల చరిత్ర

గుంజలు పాతి, వాటి మీద దూలాలు, వాసాలు ఎక్కించి కట్టే కట్టడంలో గోడ బరువు మోయదు. కప్పు బరువు, గాలి తోపు రెండూ గుంజల మీదే పడతాయి. గోడ చోట తడికైనా, రేకైనా, గుడ్డయినా సరిపోతుంది. పల్లెలో పాక, పశువుల కొట్టం, పెళ్లి పందిరి ఈ కోవలోవే. హైదరాబాదు నడిబొడ్డున ఈ తరహా కట్టడం ఏటా పెద్ద ఎత్తున లేచే చోటు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం. అక్కడ జరిగే అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనను నగరం నుమాయిష్ అనే పిలుస్తుంది. జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా, 46 రోజులు నడిచే ఈ ప్రదర్శన దుకాణాలకు గుంజ ఏది, కప్పు ఏది, కట్టు ఏది అన్న ఎంపిక ఏడెనిమిది దశాబ్దాలలో మెల్లమెల్లగా మారుతూ వచ్చి, 2019 తర్వాత ఒక్కసారిగా మలుపు తిరిగింది.

మొదటి ప్రదర్శన 1938లో నాంపల్లి పక్కనే ఉన్న పబ్లిక్ గార్డెన్స్‌లో, అప్పటి మాటలో బాగే ఆమ్‌లో జరిగింది. హైదరాబాదు సంస్థానపు ఆర్థిక స్థితిగతులను సర్వే చేయాలని ఉస్మానియా పట్టభద్రుల సంఘం తలపెట్టింది. చేతిలో డబ్బు లేక, ప్రదర్శన పెట్టి రాబట్టుకుందామనుకున్నారు. నుమాయిష్ మస్నూఆతే ముల్కీ అన్న పేరుతో, సంస్థానంలో తయారైన సరుకులనే పెట్టి, పది రోజులు నడిపారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని ప్రారంభించాడు. పది రోజుల సంబరానికి పునాదులు తవ్వే పని ఎవరూ పెట్టుకోరు. సంస్థానంలో డేరాల పనికి ఎటూ లోటు లేదు. మొగలుల కాలం నుంచి దక్కనులో కొలువులకూ వేటలకూ దండయాత్రలకూ డేరాలు వేసే ఫర్రాష్‌ల పని ఒక వృత్తిగా స్థిరపడింది. ఆ పనిలో గుంజ నిలబడేది సగం తన బలంతో, సగం చుట్టూ లాగి కట్టిన తాళ్ల బలంతో. మేకు ఊడితే గుంజ ఎంత గట్టిదైనా డేరా కూలుతుంది.

చుట్టుపక్కల ఆబిడ్స్, నాంపల్లి అప్పటికే రాతి కట్టడాల పేటలు. నాంపల్లి రైల్వే స్టేషన్ 1907 నాటిది. ఆబిడ్స్‌కు కూతవేటు దూరంలో గ్రానైటు రాతితో మొజంజాహి మార్కెట్ 1935లో లేచింది. అంటే ఒకే పేటలో, మూడేళ్ల తేడాతో, తరతరాలు నిలవాలని కట్టిన బజారు ఒకటి, పది రోజుల్లో విప్పేయాలని వేసిన బజారు ఒకటి. పాత దేవిడీలలోనూ, అంటే నవాబుల భవంతుల్లోనూ, గుంజల కట్టడమే ఉంది గాని దాని లెక్క వేరు. అక్కడ టేకు స్తంభాన్ని నేలలో పాతరు. రాతి దిమ్మ మీద నిలబెడతారు. నేల తేమ, చెదలు రెండూ దిమ్మ దగ్గరే ఆగిపోతాయి కనుక వందేళ్లు దాటినా స్తంభం పాదం చెడదు. అయితే దిమ్మ మీది స్తంభం తనంతట తాను నిటారుగా నిలవలేదు. పైన దూలాలు, పక్కన మందపు గోడలు దాన్ని పట్టి ఉంచాలి. పాతిన గుంజకు ఆ ఆసరా అక్కర్లేదు, కానీ దాని పాదం ఏళ్ల తరబడి మన్నదు. గుంజల కట్టడం తలపెట్టిన ప్రతివాడూ మొదట తేల్చుకోవలసింది ఇదే: పాతడమా, నిలబెట్టడమా. అమెరికా రైతులు 1930లలో పశువుల కొట్టాలకు పాతిన గుంజలనే వాడడం మొదలుపెట్టి, క్రియోసోటు నూనె పట్టించి పాదాలను కాపాడుకున్నారు. నాంపల్లిలో ఆ ఖర్చు ఎందుకూ కొరగాదు. ఆరు వారాల్లో ఏ చెదా గుంజను తినెయ్యలేదు.

1946లో, సర్ మీర్జా ఇస్మాయిల్ సంస్థాన ప్రధానిగా ఉన్న రోజుల్లో, ప్రదర్శన ఇప్పటి మైదానానికి మారింది. తర్వాతి రెండేళ్లు సంస్థానంలోని కల్లోలం వల్ల జరగలేదు. 1949లో గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ప్రారంభించడంతో మళ్లీ మొదలై, అఖిల భారత ప్రదర్శన అయింది. ఇరవై ఎకరాలకు పైబడిన చోటు, దేశం నలుమూలల నుంచి వచ్చే వర్తకులు, ఏటేటా పెరిగే దుకాణాలు. డేరాలు ఇక చాలలేదు. కశ్మీరీ శాలువల వర్తకుడికి తాళం వేసుకునే కొట్టు కావాలి. అందుకే వరుసలు వరుసలుగా కర్ర గుంజలు, రేకుల కప్పులు, చెక్క పలకల గోడలు వచ్చాయి. విచిత్రంగా అదే 1946లో హైదరాబాదులో ఆస్బెస్టాస్ సిమెంటు రేకుల సంస్థ పుట్టింది. సనత్‌నగర్‌లో తయారైన చార్మినార్ రేకులు తర్వాతి దశాబ్దాల్లో తెలుగునాట ఇళ్లనూ కొట్టాలనూ కమ్మేశాయి. తాత్కాలిక పనికి మాత్రం అవి తగవు. బరువెక్కువ, విప్పి మళ్లీ బిగిస్తే రంధ్రాల దగ్గర పగులుతాయి. ఇక్కడ తగినవి జింకు పూత పట్టిన ముడతల ఇనుప రేకులే. ముడత వల్ల పలుచని రేకుకూ వంగని బిగువు వస్తుంది, ఒకదానిలో ఒకటి అమరి లారీలో దొంతరగా పోతాయి, సొట్టలు పడితే సుత్తితో తట్టి మళ్లీ వాడుకోవచ్చు.

గుంజల సంగతి చూస్తే, తాత్కాలిక పనిలో ఎక్కువగా కనిపించే కర్ర సరుగుడు. మద్రాసు రాజధానిలో 1860ల ప్రాంతంలో రైలింజన్ల కట్టెల కోసం తోటలుగా వేసిన ఈ చెట్టు, రైళ్లు బొగ్గుకు మారాక పందిళ్లకూ సెంట్రింగు పనులకూ దిగింది. నెల్లూరు, ప్రకాశం, గోదావరి జిల్లాల ఇసుక నేలల్లో నాలుగైదేళ్లకే కోతకొస్తుంది. నిటారుగా పెరుగుతుంది, బరువు బాగా మోస్తుంది. లోపాలూ ఉన్నాయి. మేకు దిగగొడితే చీలుతుంది, నేలలో పాతితే త్వరగా పుచ్చుతుంది. శాశ్వత కట్టడానికి పనికిరాని ఈ గుణం ఇక్కడ అడ్డు కాలేదు, ధర మాత్రం కలిసొచ్చింది. తెలంగాణలోనే పెరిగే జామాయిల్ దానికి పోటీ. పచ్చిగా కొట్టి తెస్తే ఎండేకొద్దీ మెలి తిరుగుతుంది కాబట్టి ఎండిన కర్రనే ఏరుకోవాలి. వెదురు బొంగులు వాసాలకూ అడ్డకర్రలకూ మేలు. వెదురును వర్షాలు తగ్గాక, అందులో పిండిపదార్థం తక్కువగా ఉన్నప్పుడు కొట్టాలి, లేకపోతే పుప్పి పడుతుంది. టేకు ఈ లెక్కలోకే రాదు. 46 రోజుల కొట్టుకు టేకు గుంజ వేయడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

కర్రను ఎంచేవాళ్లు మొదట చూసేది మొదలు, కొస లావుల తేడా. ఆ తేడా మరీ ఎక్కువైతే కొస దగ్గర దూలం నిలవదు. తర్వాత కర్రను నేల మీద దొర్లిస్తారు, వంకర ఉంటే ఎగిరెగిరి పడుతుంది. నిలువు పగుళ్లకు పెద్దగా జంకరు గాని అడ్డ పగులు కనిపిస్తే ఆ కర్ర పొయ్యికే. లావు కొసను నేలలోకి దించడం ఆనవాయితీ. హైదరాబాదు నేల గ్రానైటు బండ మీద పేరుకున్న మొరం. గడ్డపారతో గుంత తీయడం కష్టమే, కానీ తీసిన మొరాన్నే తిరిగి పోసి, తడిపి, దిమ్మిస్తే గుంజ బిర్రుగా కూర్చుంటుంది. నల్లరేగడిలో ఇంత సుఖం లేదు. అది తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు విచ్చి గుంజను వదిలేస్తుంది.

తేలిక కప్పుకు అసలు ముప్పు పైనుంచి పడే బరువు కంటే కింది నుంచి దూరే గాలి వల్లే ఎక్కువ. అందుకని మూలల దగ్గర ఏటవాలు కర్రలు, రేకుకూ వాసానికీ మధ్య గట్టి కట్టు అవసరం. సరుగుడు చీలుతుంది, వెదురు పగులుతుంది కాబట్టి ఈ పనిలో మేకు కంటే తాడుదే పెద్దరికం. కొబ్బరి పీచు తాడును తడిపి కడితే ఆరాక బిగుసుకుంటుంది. తర్వాత జనుము సుతిలి, బైండింగు వైరు, చివరికి ప్లాస్టిక్ తాడు వచ్చాయి. ప్లాస్టిక్ చవక, తడికి చెడదు, ముడి త్వరగా పడుతుంది. అది నిప్పు సెగకే కరిగి కట్టు వదిలేస్తుందన్న సంగతి చాలాకాలం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో హైదరాబాదులో వాన చాలా అరుదు. మంచు, ఎండ, దుమ్ము ఆగితే చాలు. అందువల్ల రేకు కింద అందం కోసం గుడ్డ సీలింగు, పక్కలకు ప్లైవుడ్డు, ముందు ప్లాస్టిక్ పట్టాలు, వాటి మీదుగా దీపాల వైర్లు, లోపల బట్టలు, బొమ్మలు, దుప్పట్లు చేరాయి. కట్టడాన్ని ఇంత తేలికగా, చవకగా ఉంచిన పొడి వాతావరణమే దాన్ని నిప్పుకు అనువుగా కూడా తయారుచేసింది. 2019 జనవరి 30 రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో ఒక దుకాణంలో మంట లేచి, పక్కపక్కనే ఆనుకుని ఉన్న వరుసల గుండా పాకింది. సుమారు 300 దుకాణాలు బూడిదయ్యాయి. ప్రాణనష్టం జరగలేదు. గుంజలన్నీ సవ్యంగా ఉండగానే కప్పు కింది గుడ్డ మంటను దుకాణం నుంచి దుకాణానికి మోసుకుపోగలదు. అప్పటిదాకా ఎంపికలో చిట్టచివరి పద్దుగా ఉన్న గుడ్డ, తాడు, వైరు ఆ రాత్రితో మొదటి పద్దులోకి వచ్చాయి.

నిజానికి నియమాలు ముందే ఉన్నాయి. తాత్కాలిక కట్టడాలు, పందిళ్లలో అగ్నిప్రమాదాల నివారణకు భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 8758 అనే ప్రమాణాన్ని ఏనాడో ప్రకటించింది. కప్పు ఎత్తు 3 మీటర్లకు తగ్గకూడదు, సింథటిక్ గుడ్డా తాడూ వాడకూడదు, కరెంటు తీగల కింద పందిరి వేయకూడదు. నూలు గుడ్డను మంట త్వరగా అంటకుండా ఉప్పుల ద్రావణంలో ముంచి ఆరబెట్టాలి. వాడుకలో ఉన్న పాళ్లు ఇవి: 35 పాళ్ల నీటిలో అమ్మోనియం సల్ఫేట్ 4, అమ్మోనియం కార్బొనేట్ 2, పటిక 2, బోరాక్స్ 1, బోరిక్ ఆమ్లం 1. గుడ్డ ఉతికితే ఈ మందు పోతుంది. కాబట్టి ప్రతి సీజనుకూ మళ్లీ ముంచాలి. షామియానా గుడ్డల విషయంలో ఎగ్గొట్టడానికి తేలికైన పని ఇదే.

ప్రమాదం తర్వాత వ్యాజ్యం హైకోర్టుకు వెళ్లింది. అగ్నిమాపక శాఖ అనుమతి మీద పట్టు బిగిసింది. మైదానంలో నేల కింద నీటి తొట్లు, పైపులు, హైడ్రెంట్లు వచ్చాయి. దుకాణాల సంఖ్య తగ్గించి దారులు వెడల్పు చేశారు. ఇటీవలి సంవత్సరాల్లో నగరంలో చాలా తాత్కాలిక కట్టడాల్లో కర్ర చోటును ఇనుప పైపు, అల్యూమినియం చట్రం ఆక్రమిస్తున్నాయి. ఈ మార్పు మంచిదేగాని సర్వరోగ నివారిణి కాదు. ఉక్కు కాలదు, కానీ 550 డిగ్రీల సెల్సియస్ దగ్గర బలంలో దాదాపు సగం పోగొట్టుకుని వంగుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకు కరిగిపోతుంది. లావుపాటి కర్ర దూలం పైపైన బొగ్గయి లోపల చాలాసేపు నిలుస్తుంది, సన్నని సరుగుడు కర్రకు ఆ అదను లేదు. అంచేత దుకాణాల మధ్య వదిలే ఖాళీ జాగా, ఏ గుంజను ఎంచుకున్నా తప్పనిదే.

మైదానంలోనే ఉన్న ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్, పక్కా భవనాలే. మిగతా నేల ఫిబ్రవరి తర్వాత ఖాళీ అవుతుంది. జూన్‌లో మృగశిర కార్తెకు చేప ప్రసాదం కోసం అక్కడే మళ్లీ గుంజలు లేస్తాయి. తొలకరి రోజులు కనుక అప్పుడు మాత్రం వాన ఆగే కప్పు తప్పనిసరి.