మన్యపు పితూరీలు - సంస్కృతి పరిరక్షణము

యుద్ధకాలమున సాంస్కృతికసంపద యెట్లు నశించును, యుద్ధానంతరమున దాని నెట్లు పునరుద్ధరింపవలెను అను ప్రశ్న గత శతాబ్దమున ప్రపంచదేశముల నన్నింటిని కలవరపెట్టినది. రెండవ ప్రపంచయుద్ధమున ఐరోపానగరములలోని గ్రంథాలయములును, ప్రార్థనామందిరములును, చిత్రశాలలును నేలమట్టమైన పిదప, 1954లో హేగ్ నగరమున ఒక అంతర్జాతీయపు ఒడంబడిక కుదిరినది. భారతదేశము 1958లో దానిని ధ్రువీకరించినది. కట్టడములు, కళాఖండములు, వ్రాతప్రతులు, గ్రంథసంచయములు, వానిని భద్రపరచు భవనములు - ఇవి యా ఒడంబడిక లెక్కించిన సంపద. దేశములోపలి సాయుధసంఘర్షణములకు సైతము దాని కనీసనియమములు వర్తించును. కాని రాతికట్టడము లేని చోట, తాళపత్రము లేని చోట, సంస్కృతి యంతయు మనుష్యుల నాలుకయందును, అడుగుల లయయందును, అడవితోడి సంబంధమునందును నిలిచియున్న చోట రక్షింపవలసిన దేమి? ఈ ప్రశ్నకు తూర్పుకనుమల మన్యచరిత్ర యొసగు సమాధానమును పరిశీలించుట యీ వ్యాసోద్దేశము.

అరకులోయ మొదలుకొని దక్షిణమున రంపచోడవరము వరకును, ఉత్తరమున పార్వతీపురపు కొండల వరకును గల యీ ప్రదేశమున కొండదొరలు, భగతలు, కోందులు, పోర్జలు, గదబలు, కొండరెడ్లు, జాతాపులు, సవరలు మున్నగువారు నివసించుచున్నారు. భాషాదృష్టితో చూచినచో ఇది మిక్కిలి సంపన్నమైన సీమ. కొండదొరల కూబియు, కోందుల కువియు ద్రావిడభాషలు. సవరయు, గదబలలో నొక శాఖవారి గుతోబును ముండాభాషలు. అరకు ప్రాంతమున పలుతెగల నడుమ వ్యవహారమునకు వాడుకయగు ఆదివాసీ ఒరియా ఆర్యభాష. ఒకే సంతలో మూడు భాషాకుటుంబములు వినవచ్చును. చైత్రమున జరుగు ఇటుకల పండుగలో వేటయు, విత్తనముల పూజయు, దింసా నృత్యమును ఒకదానితో నొకటి ముడివడియున్నవి. విత్తనము పోడుభూమికి, వేట అడవికి, ఆట ఊరికి చెందినవి. వీనిలో నొకదానిని తొలగించినచో తక్కినవి వెలితిపడును. కనుక ఇచ్చట భూమిని గూర్చిన నిషేధమే సంస్కృతిని గూర్చిన నిషేధముగా పరిణమించును.

మన్యపు తిరుగుబాటులకు ప్రభుత్వపత్రములు పెట్టిన పేరు 'పితూరీ'. ఉర్దూ ద్వారమున మనకు వచ్చిన యీ పదమునకు పాలకుల వాడుకలో రాజద్రోహ మనియు, తెలుగువారి నిత్యవ్యవహారమున ఫిర్యాదనియు అర్థము. మన్యచరిత్రకు రెండవ యర్థమే యెక్కువగా పొసగును. 1879 నాటి రంప పితూరీ ప్రధానముగా కల్లుపై విధించిన పన్ను మూలమునను, మన్సబుదారుని దోపిడి మూలమునను చెలరేగి, గూడెము కొండలకును, భద్రాచలపు రేకపల్లి సీమకును వ్యాపించినది. కల్లు కొండవారికి కేవలము పానీయము కాదు. పండుగలకును, పెండ్లిండ్లకును, దేవతారాధనకును అది ఆవశ్యకము. దానిపై పన్ను వేయుట ఆచారముపై పన్ను వేయుటయే. తిరుగుబాటు అణగిన పిదప మన్సబుదారీ తొలగినది గాని, 1882 నాటి మద్రాసు అటవీచట్టముతో పోడు వ్యవసాయముపై క్రొత్త నిర్బంధములు మొలకెత్తినవి. ఒక గాయము మానకముందే వేరొక గాయమైనది.

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలను వరుసగా ముట్టడించుటతో ఆరంభమైన పోరాటమునకు ఈ అటవీనిర్బంధములును, గూడెమున రోడ్డుపనులకై జరిపిన వెట్టిచాకిరియు కారణములు. 1924 మే 7న రాజు కాల్చిచంపబడెను. కృష్ణదేవిపేటలోని ఆయన సమాధి నేటికిని దర్శనీయస్థలము. 2022లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టబడినది. ఈ గౌరవము సముచితమే. అయితే స్మృతి యంతయు ఒక్క నాయకునిపై కేంద్రీకరించుటచే గాము గంటము దొర, గాము మల్లు దొర వంటి స్థానికవీరుల చరిత్రయు, వారి వెంట నడచిన సామాన్యుల చరిత్రయు మరుగుపడినవి. మల్లు దొర కారాగారవాస మనుభవించి, స్వాతంత్ర్యానంతరము 1952లో లోక్‌సభకు ఎన్నికైనవాడు. అయినను పోరాటమును గూర్చి మనము నేడు ఆధారపడు లిఖితసామగ్రిలో అధికభాగము దానిని అణచినవారు వ్రాసికొన్నదే. ఓడినవారి పక్షము పాటలయందును, కుటుంబస్మృతులయందును, స్థలనామములయందును వెదకదగియున్నది.

ఇచ్చట ఒక పోలిక స్మరణీయము. 1942 ఏప్రిల్ 6న జపానువిమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. ఆ యుద్ధభయముననే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరునకు తరలి, యుద్ధానంతరము వాల్తేరునకు తిరిగివచ్చినది. విద్యాసంస్థను బండ్ల కెక్కించి సురక్షితస్థానమునకు చేర్చవచ్చును. కొండను, అడవిని, ఊరి గుడిచెట్టును తరలింప వీలులేదు. వాచికసంస్కృతి దానిని పలుకు జనులతోడనే నిలుచును, వారితోడనే చెదరును.

అందువలన అట్టి సంస్కృతికి శాంతికాలమున చేయు లిఖితనమోదే ప్రథమరక్ష. ఈ పనికి తెలుగువారిలో మార్గదర్శకుడు గిడుగు రామమూర్తి పంతులు. పర్లాకిమిడిలో ఉండి సవరల నడుమ తిరిగి, వారి భాష నేర్చి, పాఠశాలలు పెట్టించి, 1931లో సవరభాషావ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిన ఆయన కృషి యెట్టి యుద్ధమును ఊహించి చేసినది కాదు. కాని 1967-70 నడుమ శ్రీకాకుళపు కొండలలో సవరలు, జాతాపులు పాల్గొన్న గిరిజనపోరాటమును, దాని అణచివేతయు సాగి, ఊళ్లకు ఊళ్లే అలజడికి లోనైనప్పుడు, ఆ భాషకు గ్రంథస్థమైన ఆధారము అంతకు మూడు దశాబ్దములకు పూర్వమే సిద్ధమై యుండెను. ఆ సంఘర్షణము సాగుచున్న 1969లోనే భద్రిరాజు కృష్ణమూర్తిగారు కూబిభాషపై రచించిన వ్యాకరణ, పాఠ, పదసంచయ సహితగ్రంథమును హైదరాబాదులోని గిరిజనసంస్కృతి పరిశోధన శిక్షణసంస్థ ప్రకటించినది. ఒకవంక తుపాకులు మ్రోగుచుండగా వేరొకవంక కొండదొరల కథలు అచ్చునకెక్కినవి.

అయితే నమోదు మాత్రమే చాలదు. పునరుద్ధరణమునకు పునాది భూమి. 1959 నాటి భూబదలాయింపు నిబంధనయు, దానిని కఠినతరము చేసిన 1970 సవరణయు, ముఠాదారీని రద్దుచేసిన 1969 నిబంధనయు పాలనాశాస్త్రపు పుటలలో మాత్రమే చదువదగినవి కావు; అవి సంస్కృతిచరిత్రలోని ఘట్టములు. బొర్రా ప్రాంతపు గనుల కౌలులను గూర్చి 1997లో సర్వోన్నతన్యాయస్థాన మిచ్చిన సమతా తీర్పును, అటవీహక్కులను గూర్చిన 2006 చట్టమును ఈ వరుసలోనివే. పోడు నిలిచిన ఊరిలో విత్తనముల పండుగ నిలుచును. భూమి పోయిన ఊరిలో దింసా యాత్రికుల వినోదమునకై ఆడు ఆటగా మిగులును. నృత్యము చావలేదని మనము సంతసించుచుండగనే దాని యర్థము జారిపోవచ్చును.

వాచికసంప్రదాయములను సైతము సంపదగా గుర్తించిన యునెస్కో ఒడంబడిక 2003లో గాని రాలేదు. హేగ్ ఒడంబడికకును దీనికిని నడుమ గడచిన దాదాపు అర్ధశతాబ్దమే మన్యము వంటి సీమలపట్ల లోకము చూపిన ఆలస్యమునకు కొలత. ఆ ఆలస్యమును తీర్చుభారము కొంత విశ్వవిద్యాలయములపై గలదు. పరిశోధకుడు పాటను సేకరించునపుడు పాడినవారి పేరు, ఊరు, సందర్భము వారి సమ్మతితో వ్రాయవలెను; సేకరించిన పాఠపు ప్రతిని ఆ యూరికే తిరిగి యొప్పగింపవలెను; ప్రభుత్వపత్రములలోని పితూరీకథనమును స్థానికకథనముతో సరిపోల్చి ప్రకటింపవలెను. నగరమున బీరువాలో మాత్రమే నిలిచిన పాట మనకు దక్కినను కొండకు దక్కినట్లు కాదు.