నాడుల అల్లిక – యోగచక్రము



షట్చక్రములను గూర్చి ప్రసంగించునప్పుడు "మణిపూరమనగా సోలార్ ప్లెక్సస్, అనాహతమనగా కార్డియాక్ ప్లెక్సస్" అని మేమును పలుమారు చెప్పియున్నాము. ఆ మాట ఎచ్చట నుండి వచ్చినదో విచారించిన పిమ్మట, దానిని సవరించుకొనుట మా ధర్మమని తోచినది.

ప్లెక్సస్ లాటిన్ పదము. ఆ భాషలో 'ప్లెక్తెరె' అనగా జడవలె అల్లుట. ప్లెక్సస్ అనగా అల్లిక. వెన్నుపాము నుండి వెలువడు నాడులలో మెడయందలి నాలుగును, రొమ్ము పైభాగమందలి ఒకటియు కలిసి, విడి, మరల కలిసి చేతికి పోవుచున్నవి. ఇట్టి కూర్పులకే శరీరశాస్త్రజ్ఞులు ఆ పేరుంచిరి. రక్తనాళముల అల్లికకును ఇదే పేరు. జీర్ణకోశము వెనుకనున్న అల్లిక నుండి నాడులు సూర్యకిరణములవలె వ్యాపించుటచే దానిని సోలార్, అనగా సౌరము, అనిరి. ఇందు యోగప్రసక్తి లేదు.

పూర్ణానందుడు 1577లో రచించిన షట్చక్రనిరూపణము చక్రములను దళములతో, బీజాక్షరములతో, అధిదేవతలతో ధ్యానింపుమన్నది. అవి కంటికి కనబడునా? దయానంద సరస్వతి గంగలో కొట్టుకొనివచ్చిన శవమును కోసి చూచి, గ్రంథములలోని వర్ణన కానరాక, ఆ గ్రంథములను నదిలో విడిచితినని స్వీయచరిత్రమున చెప్పెను. అది 1879లో 'థియోసఫిస్టు' పత్రికయందు వెలువడనారంభించినది. అదే పత్రికలో 1888లో బామనదాస్ బసు అను వైద్యుడు చక్రములను నాడుల అల్లికలతో సరిపోల్చెను. 1927లో వసంత రేలే అను బొంబాయి వైద్యుడు కుండలినిని వేగస్ నాడియే అనెను. నడుమ 1919లో తంత్రశాస్త్ర పండితుడు జాన్ వుడ్రఫ్ మాత్రము, చక్రములు సూక్ష్మములనియు, స్థూలమైన అల్లికలే అవి కావనియు హెచ్చరించెను.

ఈ పొరపాటునకు మన 'నాడి' శబ్దమును తోడైనది. వైద్యుడు మణికట్టున చూచునది నాడి, ఇడాపింగళలును నాడులే, పాఠ్యపుస్తకములలోని నరమును నాడియే. పేరొకటైనంత మాత్రమున వస్తువొకటి కాదు.

విజ్ఞానశాస్త్రపు ముద్ర పడినగాని మన శాస్త్రమునకు గౌరవము లేదని తలచుట మన బలహీనత. అంతకు మించిన హాని వేరొకటి గలదు. రొమ్ములో నొప్పి కలిగినవాడు, అది అనాహతచక్ర దోషమని నమ్మి, వైద్యుని కడకు పోక ధ్యానమునకు కూర్చున్నచో, ఆ పాపములో ప్రసంగించినవారికిని భాగముండును.

దేహమునకు వైద్యుడు, సాధనకు గురువు. ఇకపై ఈ వేదికపై ప్లెక్సస్‌ను అల్లికగాను, చక్రమును ధ్యానస్థానముగాను వేరువేరుగనే చెప్పుదుము.