మట్టి పావురం

ఆదిపర్వంలో ద్రోణుడు శిష్యులకి పెట్టిన పరీక్ష మనందరికీ తెలుసు. చెట్టు మీద ఓ పిట్ట. అర్జునుడికి దాని తల తప్ప ఇంకేమీ కనబడదు. చిన్నప్పటి నుంచీ దీన్ని ఏకాగ్రత గురించిన పాఠంగానే విన్నాం గనక ఒక చిన్న వివరం మన దృష్టి నుంచి జారిపోతుంది. అది నిజం పిట్ట కాదు. ద్రోణుడు పనివాళ్ల చేత చేయించి, పిల్లలకి తెలియకుండా కొమ్మ మీద పెట్టించిన బొమ్మ.

హోమర్ ఇలియడ్‌లో, ఇరవై మూడో సర్గలో, దీనికి జోడీలాంటి పోటీ ఒకటుంది. ప్యాట్రోక్లస్ అంత్యక్రియల ఆటల్లో అఖిలిస్ ఇసుకలో ఓడ తెరచాప స్తంభం పాతించి, దాని కొనకి ఓ పావురాన్ని కాలికి దారం కట్టి వేలాడదీయిస్తాడు. పావురాన్ని కొట్టినవాడికి పెద్ద బహుమతి, దారాన్ని కొట్టినవాడికి చిన్నది. మొదటి బాణం దారాన్ని తెంపుతుంది, పిట్ట ఎగిరిపోతుంది. రెండోవాడు ఎగురుతున్న పిట్టనే కొట్టి పెద్ద బహుమతి పట్టుకెళ్తాడు. పావురాన్ని విడిపించిన బాణానికి ఆ పోటీలో రెండో స్థానమే.

ఒక చోట బొమ్మ, ఒక చోట ప్రాణం. సరదాకి గురిచూసి కొట్టే ఆట చరిత్రంతా ఈ రెండింటి మధ్యే అటూ ఇటూ తిరిగింది. ఆయుధాల చరిత్ర రాసినవాళ్లు బోలెడంత మంది. ఆయుధానికి ఎదురుగా నిలబెట్టిన వస్తువుల సంగతి మాత్రం అంతగా ఎవరూ పట్టించుకోలేదు. అవి పగిలిపోయేవి, పారేసేవి, ఇంట్లో అక్కర్లేనివి కదా!

మధ్యయుగాల యూరప్‌లో బాగా పేరున్న గురి ఒక చిలక. ఊళ్లో ఎత్తైన గడ మీదో చర్చి గోపురం మీదో చెక్క చిలకని నిలబెట్టి కొట్టేవాళ్లు. ఇంగ్లీషులో ‘పాపింజే’, స్కాట్లాండ్‌లో ‘పపింగో’, రెండు మాటలకీ అర్థం చిలకే. గ్రీకులకి చిలక పరిచయమైంది మన దేశం నుంచి. అలా చూస్తే మన రామచిలక బొమ్మే స్కాట్లాండ్ గోపురాల మీద దెబ్బలు తిన్నదన్నమాట. అక్కడి కిల్విన్నింగ్‌లో విలుకాళ్ల సంఘం తమ పోటీ 1483 నుంచీ ఉందని చెప్పుకుంటుంది. తుపాకులు వచ్చాక కూడా చిలక కదల్లేదు. 1816లో వచ్చిన వాల్టర్ స్కాట్ నవల ‘ఓల్డ్ మోర్టాలిటీ’ మొదట్లోనే, రంగురంగుల ఈకలు అంటించిన చిలక బొమ్మని తుపాకులతో కొట్టే పోటీ ఉంటుంది. జర్మన్ ఊళ్లలో ఇంకో ముచ్చట. గుండ్రటి చెక్క పలక మీద పెళ్లిదో పుట్టినరోజుదో బొమ్మ వేయించి, దాన్నే గురిగా పెట్టి కాల్చేవాళ్లు. తర్వాత ఆ తూట్లతోనే గోడకి తగిలించుకునేవాళ్లు. బొమ్మ చిల్లులు పడితేనే జ్ఞాపకం పూర్తయినట్టు.

చెక్క చిలకతో చిక్కేమిటంటే అది కదలదు. వేటకి వెళ్లేవాడికి ఎగిరే పిట్ట మీద గురి కుదరాలి. పద్దెనిమిదో శతాబ్దం నుంచి ఇంగ్లండ్‌లో ఇందుకో ఉపాయం వాడారు. నేలలో గొయ్యి తవ్వి, అందులో బతికున్న పావురాన్ని పెట్టి, పైన ఓ పాత టోపీ బోర్లించి, టోపీకి తాడు కట్టడం. తాడు లాగితే టోపీ పక్కకి పడుతుంది, పావురం లేస్తుంది, తుపాకీ పేలుతుంది. లండన్ పక్కన ఈలింగ్‌లో ఈ ఆటకి పేరుపడ్డ తాగుడు దుకాణం పేరు కూడా ‘ఓల్డ్ హ్యాట్స్’. టోపీ తర్వాత చెక్కపెట్టె వచ్చింది, ఆటకి ‘ట్రాప్’ అన్న పేరు స్థిరపడింది. ఇవాళ ఒలింపిక్స్‌లో షూటర్ ‘పుల్’ అని అరిస్తే యంత్రం పళ్లాన్ని విసురుతుంది. లాగడానికి అక్కడ తాడేమీ లేదు. ఆ కేకలో మిగిలింది పాత టోపీ తాడే.

ఈ ఆట అమెరికా చేరేసరికి లెక్క వందల నుంచి వేలకి మారింది. అక్కడ ప్యాసింజర్ పావురాలు ఆకాశాన్ని కప్పేసేంత గుంపులుగా ఉండేవి. వాటిని వలల్లో పట్టి, రైళ్లలో పోటీలకి పంపేవాళ్లు. 1881లో న్యూయార్క్ దగ్గర కోనీ ఐలాండ్‌లో జరిగిన ఒక్క పోటీ కోసమే వేల పావురాలు తెప్పించారు. ఆ పోటీ పెట్టింది ఎవరనుకున్నారు? చేపల, వేట జంతువుల పరిరక్షణ సంఘం! జంతుహింస నివారణ సంఘాన్ని 1866లో స్థాపించిన హెన్రీ బర్గ్ ఇలాంటి పోటీల మీద ఏళ్ల తరబడి పోట్లాడాడు. వేటగాళ్లకి ఆయన ఒక తలనొప్పి, పత్రికలకి ఒక కార్టూన్ బొమ్మ.

కానీ ప్రత్యామ్నాయాలు వెతికినవాళ్లలో వేటగాళ్లు కూడా ఉన్నారు. 1860లలో గాజుబంతులు వచ్చాయి. లోపల బోలుగా, నారింజకాయంత ఉండేవి. నున్నటి గాజు మీద రవ్వలు జారిపోతున్నాయని, ఆడమ్ బొగార్డస్ అనే ప్రసిద్ధ షూటర్ పైన గరుకు గీతలున్న బంతికి 1877లో పేటెంట్ తీసుకున్నాడు. కొందరు వాటి లోపల ఈకలు కూడా కూరేవాళ్లు. బంతి పగలగానే గాల్లో ఈకలు ఎగరాలి, చూసేవాళ్లకి పిట్ట చచ్చినట్టు అనిపించాలి. ప్రాణం తీయడం మానుకున్నారు గానీ, తీసినట్టుండే ఆ దృశ్యాన్ని వదులుకోలేకపోయారు. పోటీ అయ్యాక పొలం నిండా గాజు పెంకులు మిగలడం మరో తంటా.

1880లో సిన్సినాటి నగరానికి చెందిన జార్జ్ లిగౌస్కీ దీనికో మార్గం కనిపెట్టాడు. పిల్లలు ఆల్చిప్పల్ని నీటి మీద కప్పగంతులు వేయిస్తుంటే చూసి ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. పల్చటి పళ్లెంలాంటి మట్టి బిళ్ల, తిరుగుతూ వెళ్తే పిట్టలాగే గాలి మీద తేలుతుంది. మొదట్లో మట్టి మరీ గట్టిగా కాలి, గుండు తగిలినా గంటలా మోగేది తప్ప పగిలేది కాదు. తర్వాత మట్టి పోయి, సున్నపురాయి పొడిని తారులాంటి బంకతో కలిపి పోత పోయడం మొదలైంది. ఈనాటి బిళ్ల వ్యాసం సుమారు 11 సెంటీమీటర్లు. అందులో మట్టీ లేదు, పావురమూ లేదు. పేరు మాత్రం ‘క్లే పిజన్’.

అదే సిన్సినాటిలో, నగర జంతు ప్రదర్శనశాలలో, 1914 సెప్టెంబర్ 1న మార్తా అనే పావురం చనిపోయింది. ప్రపంచంలో ఆఖరి ప్యాసింజర్ పావురం అది. అడవులు నరకడం, మాంసం కోసం చేసిన వేట వాటిని అంతం చేశాయి. షూటింగ్ పోటీలూ తమ వంతు తిన్నాయి. ఒకే ఊళ్లో మట్టి పావురం పుట్టడానికీ, ఆఖరి నిజం పావురం పోవడానికీ మధ్య ముప్పై నాలుగేళ్లే. బొమ్మ వచ్చింది గానీ ఆలస్యంగా వచ్చింది. వచ్చాక కూడా వెంటనే ఎవరూ మారిపోలేదు. 1900లో పారిస్‌లో ఒలింపిక్స్ ఏడాదే బతికున్న పావురాల్ని కాల్చే పోటీ జరిగింది, గెలిచినవాడు 21 పావురాల్ని కొట్టాడు. పట్టి తెచ్చిన పిట్టల్ని ఇలా కాల్చకూడదని బ్రిటన్ చట్టం చేసింది 1921లో.

ఈలోగా మామూలు జనం తమ గురులు తాము తయారు చేసుకుంటూనే ఉన్నారు. ఖాళీ సీసాలు, డబ్బాలు, పేకముక్కలు. పేకముక్కల్ని తూట్లు పొడవడంలో ఆనీ ఓక్లీకి ఎంత పేరంటే, అమెరికా నాటకశాలల్లో చిల్లు పొడిచి ఇచ్చే ఉచిత టికెట్లని ‘ఆనీ ఓక్లీలు’ అనేవాళ్లు. మన వైపు ఉండేలు పట్టుకున్న పిల్లవాడికి గట్టు మీద పెట్టిన డబ్బా ఉండేది. తిరునాళ్లలో, ఎగ్జిబిషన్లలో ఇప్పటికీ బోర్డు మీద వరసలుగా కట్టిన బుడగలు, ముందు బల్ల మీద ఎయిర్ గన్ కనిపిస్తాయి. వీటన్నిటిలో ఉమ్మడి గుణం ఒకటుంది. దెబ్బ తగిలితే ఇవి జవాబిస్తాయి. డబ్బా మోగుతుంది, సీసా పగులుతుంది, బుడగ పేలుతుంది. కాగితం మీద పడే తూటు మూగది, దగ్గరికెళ్లి చూస్తే గానీ తెలియదు. ఆ జవాబు వినడానికే మనిషి ఆడతాడు, రక్తం చూడ్డానికి కాదు అని నమ్మాలనిపిస్తుంది. హైదరాబాద్ కుర్రాడు కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ట్రాప్ జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం గెలిచినప్పుడు గాల్లో పగిలినవి నారింజ రంగు బిళ్లలు. ఒక్క ఈకా రాలలేదు.

అయితే బొమ్మ ఎప్పుడూ దయ వైపే ఉంటుందనుకోలేం. 1950ల చివర్లో అమెరికా సైన్యం తన శిక్షణలో గుండ్రటి గురుల్ని పక్కన పెట్టి, మనిషి ఆకారంలో ఉన్న పలకలు తెచ్చింది. వేర్వేరు దూరాల్లో హఠాత్తుగా లేస్తాయి, గుండు తగిలితే పడిపోతాయి. మనిషి ఆకారం కనబడగానే చెయ్యి ఆలోచించకుండా కదలాలి, అదీ ఉద్దేశం. చెక్క చిలక, గాజుబంతి, మట్టి బిళ్ల ప్రాణికి బదులుగా నిలబడ్డాయి. ఈ పలక ప్రాణి దగ్గరికి దారి చూపించడానికి నిలబడింది.

ద్రోణుడి పిట్ట ఈ రెండింటిలో ఏది? ఆ పరీక్షలో ధర్మరాజు తప్పాడు, గుర్తుందా? ఏం కనబడుతోందని గురువు అడిగితే చెట్టూ, తమ్ముళ్లూ, మీరూ కనబడుతున్నారన్నాడు. పక్కకి తప్పుకోమన్నాడు ద్రోణుడు. పిట్ట తల తప్ప ఏమీ కనబడని అర్జునుడు నెగ్గాడు. చాలా ఏళ్ల తర్వాత కురుక్షేత్రంలో రెండు సేనల మధ్య రథం ఆపించి చూసినప్పుడు, అర్జునుడికి తాతలూ అన్నదమ్ములూ గురువులూ కనబడ్డారు. ఆ రోజు ధర్మరాజుకి కనబడినవాళ్లే. ఈసారి విల్లు కింద పెట్టింది అర్జునుడు.