రాత్రికి పడవ ఎక్కడ కట్టాలి? – ఇంగ్లండు కాలువల చరిత్ర



గోదావరి డెల్టాలో పెరిగినవారికి 'లాకు' అనే మాట కొత్త కాదు. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కాలువలు పొలాలకు నీరివ్వడమే కాదు, చాలాకాలం పడవలనూ మోశాయి. నీటిమట్టంలో తేడా ఉన్నచోట పడవను ఎక్కించడానికి, దించడానికి లాకులు కట్టారు. ఈ మాట మనకు ఇంగ్లీషు నుంచి వచ్చింది. ఈ పాఠంలో ఆ మాట పుట్టిన దేశపు కాలువల మీదికి వెళదాం. ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం: చీకటి పడుతోంది, ముందు ఒక పట్టణం కనిపిస్తోంది, పడవను ఎక్కడ కట్టాలి?

గుర్రం ఆగిన చోటే మజిలీ

1761లో బ్రిడ్జ్‌వాటర్ డ్యూక్ కాలువ మీద బొగ్గు పడవలు బార్టన్ దగ్గర ఇర్వెల్ నదిని ఒక వంతెన మీదుగా దాటాయి. ఆ కాలువ పనిలో ప్రధాన పాత్ర వహించిన ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ. తరువాతి డెబ్భై ఏళ్ళలో దేశమంతటా కాలువలు అల్లుకున్నాయి. వాటిలో చాలా లాకుల వెడల్పు 7 అడుగులు మాత్రమే. అందుకే పడవలు సన్నగా, సుమారు 70 అడుగుల పొడవుతో ఉండేవి. ఒక్క గుర్రం గట్టు మీద నడుస్తూ దాదాపు 25 టన్నుల సరుకున్న పడవను లాగేది. బండి మీద అంత బరువును లాగడం ఒక గుర్రానికి సాధ్యం కాదు. నెమ్మదిగా కదిలే పడవకు నీటి నిరోధం చాలా తక్కువ, రహస్యం అదే.

అప్పుడు రాత్రి మజిలీని నిర్ణయించింది గుర్రమే. దానికి మేత కావాలి, కొట్టం కావాలి. కాబట్టి లాకుల దగ్గర, రేవుల దగ్గర గుర్రపు కొట్టాలున్న సత్రాలు వెలిశాయి. నేటికీ కాలువ గట్టున కనిపించే అనేక పాత సత్రాలకు మూలం ఇదే.

పడవే ఇల్లయినప్పుడు

1830, 1840 దశకాల్లో రైళ్ళు వచ్చాయి. పోటీకి తట్టుకోలేక కాలువ రవాణా ధరలు తగ్గాయి, పడవవారి ఆదాయమూ తగ్గింది. ఒడ్డున ఇంటి అద్దె, పడవ మీద కూలివాడి జీతం రెండూ భరించలేక చాలామంది భార్యాబిడ్డలతో పడవలోకే మారారు. పడవ వెనుక భాగాన సుమారు 10 అడుగుల పొడవు, 7 అడుగుల లోపు వెడల్పు ఉన్న గది. అందులోనే పొయ్యి, పడక, సంసారం.

ఇప్పుడు మన ప్రశ్న బరువెక్కిందని గమనించండి. రాత్రి ఆగే చోటే ఆ కుటుంబానికి ఆ రోజు ఊరు. అక్కడ మంచినీరు ఉందా? వైద్యుడు ఉన్నాడా? తెల్లవారితే మళ్ళీ ప్రయాణం కాబట్టి పిల్లలకు బడి ఎక్కడ?

జార్జ్ స్మిత్ అనే సంస్కర్త ఈ దుస్థితిని బయటపెట్టాడు. ఫలితంగా 1877లో కాలువ పడవల చట్టం వచ్చింది. 1884లో దాన్ని బలపరిచారు. నివాసంగా వాడే ప్రతి పడవా ఒక పట్టణంలో నమోదు కావాలి, ఎందరు ఉండవచ్చో అధికారులు నిర్ణయించాలి, తనిఖీలు జరపాలి. చదువు విషయంలో పిల్లలను నమోదైన పట్టణవాసులుగా పరిగణించాలి. ఆ పట్టణం పేరు పడవ మీద రాసి ఉండేది. కానీ చిక్కు చూడండి: బడి ఉన్నది నమోదైన పట్టణంలో, పిల్లవాడు నిద్రపోయేది ఎక్కడో దారిలో. చట్టం వారికి ఊరి పేరు ఇచ్చింది కాని, ఆ ఊళ్ళో ఉండే వీలు ఇవ్వలేకపోయింది.

ఈ లోటును కొంత తీర్చినవి మజిలీ స్థలాలే. లండన్ పశ్చిమాన బ్రెంట్‌ఫర్డ్ రేవు దగ్గర 1904లో పడవవారి కోసం ఒక సంస్థా భవనం కట్టారు. సరుకు దింపే వ్యవధిలో పిల్లలు అక్కడ చదువుకునేవారు. స్టోక్ బ్రూవెర్న్ లాకుల దగ్గర మేరీ వార్డ్ అనే నర్సు చాలా ఏళ్ళపాటు పడవ కుటుంబాలకు వైద్య సేవ చేసింది. అటువంటి చోట పడవ కట్టడం అంటే కేవలం తాడు ముడి వేయడం కాదు.

పట్టణం వీపు చూపింది, మళ్ళీ ముఖం తిప్పింది

1948లో కాలువల్లో అధిక భాగం జాతీయమయ్యాయి. 1962-63 శీతకాలంలో నీరు వారాల తరబడి గడ్డకట్టి, మిగిలిన సరుకు రవాణాను దాదాపు ముగించింది. పట్టణాల్లో కాలువ అంటే మూతబడిన గోదాముల వెనుక ఉండే మురికి గుంటగా మారింది. రాత్రి అక్కడ ఆగడానికి జంకేవారు. అయితే 1946లో ఏర్పడిన అంతర్దేశీయ జలమార్గాల సంఘం వంటి స్వచ్ఛంద సంస్థలు కాలువలను కాపాడాలని పోరాడాయి. విహార పడవలు పెరిగాయి. బర్మింగ్‌హామ్ నడిబొడ్డున ఉన్న గ్యాస్ స్ట్రీట్ రేవు ఇందుకు మంచి ఉదాహరణ. 1990 దశకంలో చుట్టుపక్కల కొత్త కట్టడాలు, నడక దారులు వచ్చాయి. అది సందర్శకులు కోరి ఆగే చోటయింది. దీపాలు, మనుషుల రాకపోకలు ఉన్న గట్టు దానంతటదే భద్రత కలిగిస్తుంది.

చోటు ఎంచుకోవడంలో శాస్త్రం

నేటి పడవవారు పాటించే నియమాలకు కారణాలు చూద్దాం.

మొదటిది నీటిమట్టం. రెండు లాకుల మధ్య దూరం తక్కువైతే అక్కడి నీరు కొద్దిదే. తలుపుల సందుల్లో కారినా రాత్రికి రాత్రే మట్టం పడిపోతుంది. తెల్లవారేసరికి పడవ బురదలో ఒరిగి ఉంటుంది. అందుకే పొడవైన భాగాన్ని ఎంచుకుని, తాడుకు కొద్దిగా వదులు ఇవ్వాలి.

రెండవది పక్కనుంచి వెళ్ళే పడవ. అది నీటిని వెనక్కి తోసేటప్పుడు కట్టిన పడవ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. తాళ్ళను పడవకు ఏటవాలుగా, రెండు వైపులకూ కడితే ఈ కదలిక తగ్గుతుంది. మెత్తని నేలలో దిగగొట్టిన మేకు ఊడిపోవచ్చు. పట్టణాల దగ్గర రేవులో బిగించిన ఇనుప కడియాలు మేలు.

మూడవది ఇతరుల అవసరం. లాకు ముంగిట, మంచినీటి కుళాయి దగ్గర, వంతెన కింద, పడవలు మలుపు తిరిగే వెడల్పు చోట రాత్రికి కట్టకూడదు.

ఇవి కాక అనుభవం చెప్పే మాటలున్నాయి. వెలుగుండగానే చేరాలి. గట్టు మీద కాసేపు నడిచి చూడాలి. ఇతర పడవలు కట్టి ఉన్నచోట ఆగితే ఇరుగుపొరుగు దొరుకుతుంది. నడి ఊళ్ళో సందడి ఎక్కువైతే ఊరి అంచున ఆగి, అంగడికి నడిచి వెళ్ళడం సుఖం.

2012 నుంచి ఇంగ్లండు, వేల్స్ కాలువల్లో అధిక భాగాన్ని ఒక ధర్మనిధి సంస్థ నిర్వహిస్తోంది. 1995 చట్టం ప్రకారం స్థిరమైన కట్టుచోటు లేని పడవ సాధారణంగా ఒకే చోట 14 రోజులకు మించి ఉండరాదు. ఇంటి ఖర్చు భరించలేక పడవలో నివసించే కుటుంబాలు ఈనాడూ ఉన్నాయి. 14 రోజులకొకసారి కదిలే ఇంటి నుంచి బిడ్డను బడికి పంపడం వారి నిత్య సమస్య. 1877 నాటి ప్రశ్న పూర్తిగా పాతబడలేదన్నమాట.

ఆలోచించండి

1. రైళ్ళ రాకకూ, కుటుంబాలు పడవల్లో నివసించడానికీ గల సంబంధం ఏమిటి?
2. మీ ప్రాంతంలో పడవలు నడిచిన కాలువ ఉంటే, రాత్రి అవి ఎక్కడ ఆగేవో పెద్దవారిని అడిగి రాయండి. ఆ చోటు ఇప్పుడు ఎలా ఉంది?