టాటానగర్ స్టేషన్‌ను కాగితంతో కట్టాలంటే?

రైళ్లను, పట్టాలను, స్టేషన్లను ఒకే నిష్పత్తిలో చిన్నవి చేసి నడిపే అభిరుచిని మోడల్ రైల్వే అంటారు. ఇంజన్లు, పట్టాలు కొనుక్కోవచ్చు. చిక్కంతా వాటి పక్కన ఉండాల్సిన భవనాలతోనే. దొరికే కిట్లలో ఎక్కువ భాగం యూరప్, అమెరికా, జపాన్ నమూనాలే. జంషెడ్‌పూర్‌లోని టాటానగర్ లాంటి స్టేషన్ కావాలంటే సొంతంగా చేసుకోవాల్సిందే. అందుకు చౌకైన దారి ప్రింట్ చేసిన కాగితం.

ఈ పద్ధతి పాతదే. కత్తిరించి అతికించే భవనాల షీట్లు 19వ శతాబ్దంలోనే ఫ్రాన్స్, జర్మనీల్లో అచ్చయ్యాయి.

ముందు కొలత

ఎక్కువగా వాడే హెచ్ఓ స్కేలు నిష్పత్తి 1:87. ఈ లెక్కన 2.1 మీటర్ల తలుపు 24 మి.మీ. అవుతుంది. 760-840 మి.మీ. ఎత్తుండే ప్లాట్‌ఫాం 8.7-9.7 మి.మీ. ఉంటుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. హెచ్ఓ పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఇది 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌కు సరిపోతుంది. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. కాబట్టి 19.3 మి.మీ. ఉండాలి. అందుకే ప్లాట్‌ఫాం అంచును పట్టా నుంచి కాక, పెట్టె గోడ నుంచి కొలిచి పెట్టడం మేలు.

పొడవు మరో సమస్య. 22.3 మీటర్ల ఐసీఎఫ్ పెట్టెలు 24 నిలిచే ప్లాట్‌ఫాంకు ఇంట్లో 20 అడుగుల స్థలం కావాలి. కాబట్టి ఎత్తు, తలుపులు, కిటికీల కొలత మార్చకుండా, ఒకేలా ఉండే భాగాల సంఖ్య తగ్గిస్తారు.

తయారీ

గోడను ఎదురుగా నిలబడి ఫొటో తీయాలి. వంపును కంప్యూటర్‌లో సరిచేసి, కొలత తెలిసిన తలుపు ఆధారంగా సైజు నిర్ణయించాలి. ప్రింట్ చేసేటప్పుడు 'పేజీకి సరిపెట్టు' ఎంపిక తీసేయాలి. లేదంటే స్కేలు మారిపోతుంది.

160-200 జీఎస్ఎం కాగితం చాలు. దాన్ని అట్టకు అతికించి, లోపల అడ్డుపట్టీలు పెడితే గోడ వంగదు. మడత దగ్గర ముందుగా మొద్దు కత్తితో గీత గీయాలి. కిటికీలను కత్తిరించి వెనుక మరో పొరగా అతికిస్తే లోతు కనిపిస్తుంది. తెల్లగా కనిపించే అంచులకు రంగు పెన్సిల్ రాస్తే కాగితమన్న సంగతి తెలియదు.

జిగురు పలుచగా రాయాలి. తడి ఎక్కువైతే కాగితం ముడతలు పడుతుంది. ఇంక్‌జెట్ ప్రింట్‌కు ముందే వార్నిష్ స్ప్రే చేస్తే వానాకాలపు తేమకు రంగు కారదు.

ఎందుకు చేయాలి?

జంషెడ్‌పూర్‌కు రైలుతో విడదీయలేని బంధం ఉంది. 1919లో సాక్చి జంషెడ్‌పూర్‌గా మారినప్పుడే కాలిమాటి స్టేషన్ టాటానగర్ అయింది. 1945లో ఇక్కడే మొదలైన టెల్కో తర్వాత ఆవిరి ఇంజన్లు తయారు చేసింది. ఇప్పుడు దేశమంతటా అమృత్ భారత్ పథకం కింద స్టేషన్లను పునర్నిర్మిస్తున్నారు. పాత గోడ కూలాక దాని కొలత తీసుకోవడం కుదరదు. అందుకే పాత స్టేషన్‌ను ఫొటో తీసేటప్పుడు, పక్కన ఒక మీటరు కర్ర నిలబెడితే చాలు. ఆ భవనాన్ని తర్వాత ఎప్పుడైనా కాగితంపై మళ్లీ కట్టవచ్చు.