అవుట్‌బోర్డ్ మోటారులో ఇంధన మిశ్రమ సవరణ: ఒక చారిత్రక పరిశీలన

పడవ వెనుక అంచుకు బిగించి నడిపే అవుట్‌బోర్డ్ మోటారు చరిత్రను సాధారణంగా హార్స్‌పవర్ పెరిగిన క్రమంగా రాస్తుంటారు గాని, ఇంధన మిశ్రమాన్ని సరిచేసే అధికారం నడిపేవాడి చేతి నుంచి కర్మాగారానికి, అక్కడి నుంచి కంప్యూటరుకు మారిన క్రమంగా చూస్తేనే ఆ యంత్రం స్వభావం బాగా తెలుస్తుంది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో దాదాపు 14.7 పాళ్ల గాలి కావాలి. పెట్రోలు అంతకు తగ్గితే దాన్ని పల్చని మిశ్రమమనీ, పెరిగితే చిక్కని మిశ్రమమనీ అంటారు. పాత అవుట్‌బోర్డులు చాలావరకు టూ స్ట్రోక్ ఇంజన్లు కావడం వల్ల, వాటిలో ఆయిల్‌కు వేరే గది లేక, దాన్ని పెట్రోలులోనే కలిపి పోసేవారు. కాబట్టి పెట్రోలు దారిని కాస్త బిగించినా మంటకు ఇంధనమూ, పిస్టన్‌కు ఆయిలూ ఒకేసారి తగ్గిపోతాయి.

నార్వేలో పుట్టి అమెరికాలోని మిల్వాకీలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి తెచ్చిన మోటారు ఒకటిన్నర హార్స్‌పవర్‌ది, 62 పౌండ్ల బరువుది. అంతకు కొద్దికాలం ముందే డెట్రాయిట్‌లో కామెరాన్ వాటర్‌మన్ ఇలాంటి మోటార్లు చేసినా, వాటిని జనంలోకి తీసుకువెళ్లిన ఖ్యాతి ఎవిన్‌రూడ్‌దే. 1922లో జాన్సన్ సోదరులు 35 పౌండ్ల లైట్ ట్విన్ మోటారుతో పోటీకి వచ్చారు. ఆ తరం ఇంజన్లలో పెట్రోలును కొలిచేది ప్రధానంగా ఒక సూదిమొన మర, అంటే నీడిల్ వాల్వ్. చలికీ, ఎండకూ, పెట్రోలు నాణ్యతకూ తగినట్లు దాన్ని తిప్పుకోవడం నడపడంలో భాగంగానే ఉండేది.

రెండో ప్రపంచయుద్ధం తరువాత అమెరికన్ మోటార్లలో ఈ సవరణ ఒక పద్ధతికి వచ్చింది. ముందు పలక మీద రెండు నాబ్‌లు ఉండి, ఒకటి పూర్తి వేగానికీ, రెండోది నెమ్మది వేగానికీ ఇంధనాన్ని సరిచేసేవి. నీడిల్‌ను మెల్లగా ఆనేదాకా మూసి, ఒకటి, ఒకటిన్నర చుట్లు తెరిచి, ఇంజన్ వేడెక్కిన తరువాత, ప్రొపెల్లరు నీటిలో బరువు లాగుతుండగా ముందు పూర్తి వేగం నాబ్‌ను పట్టుకోవాలి. బిగిస్తూ పోతే మొదట వేగం పెరిగి, తరువాత ఇంజన్ నీరసించి, గాలినీ పెట్రోలునూ కలిపే కార్బురేటర్ గుండా తుమ్మినట్లు వెనక్కి తన్నుతుంది. వదులు చేస్తూ పోతే పొగ కమ్మి, ప్లగ్గు మసిబారి, ఒక పేలుడు విడిచి మరో పేలుడుగా గుడగుడలాడుతుంది. అత్యధిక వేగం దొరికిన చోట ఆగక, మరి కొంచెం చిక్కన వైపు తిప్పి వదలడమే ఆ పద్ధతిలోని వివేకం, ఎందుకంటే ఆ కొంచెమే పిస్టన్‌ను కాపాడే ఆయిల్. ప్రతి చిన్న తిప్పుకూ ఇంజన్ స్పందించడానికి కొన్ని క్షణాలు పడుతుంది గనుక తొందరపడిన చేతికి ఈ సవరణ లొంగదు.

అందుకే, ప్రతి ఒక్కరి చేతికీ నాబ్ ఇవ్వడం ప్రమాదమని తయారీదారులకు తోచి ఉండవచ్చు. 1960ల్లో పూర్తి వేగం నీడిల్ క్రమంగా మాయమై, దాని స్థానంలో కొలత మారని రంధ్రం గల జెట్ వచ్చింది. నెమ్మది వేగం నీడిల్ మాత్రం చాలాకాలం మిగిలింది. చెవితో ఇంజన్‌ను చదివే నేర్పు దీనితో తగ్గినమాట నిజమే అయినా, ఎన్నో పిస్టన్‌లు కాలిపోకుండా దక్కడం అంతకంటె పెద్ద లాభం. జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లలో 24 పాళ్ల పెట్రోలుకు ఒక పాలుగా ఉన్న ఆయిల్‌ను 1964లో 50 పాళ్లకు ఒక పాలుగా తగ్గించడం కూడా ఈ దశలోనే జరిగింది. ఆయిల్ ఎక్కువ కలిపితే అది పెట్రోలు స్థలాన్ని ఆక్రమించి, గాలికి పోలిస్తే మిశ్రమాన్ని పల్చన చేస్తుందన్న సంగతిని చాలామంది గమనించరు.

అయితే ఏ నీడిలూ దిద్దలేని దోషం ఒకటి మిగిలింది. కాలిన వాయువును బయటికి తోసే పనిని కొత్త మిశ్రమమే చేయడం వల్ల, దాదాపు నాలుగో వంతు ఇంధనం మండకుండానే నీటిలోకి పోయేది. 1996లో అమెరికా పర్యావరణ సంస్థ ఉద్గారాలను తగ్గించాలని నిబంధన తేవడంతో, ఇంధనాన్ని కంప్యూటరు కొలవగా సిలిండరులోకే నేరుగా చిమ్మే ఇంజెక్షనూ, ఫోర్ స్ట్రోక్ ఇంజన్లూ కార్బురేటరును వెనక్కి నెట్టాయి. 2020లో ఎవిన్‌రూడ్ మోటార్ల ఉత్పత్తే నిలిచిపోయింది. మిగిలిన పాత మోటార్లను నడిపేవారు మాత్రం నీడిల్‌ను ముట్టుకునే ముందు తమ ఇంజన్ బేరింగులకు తగిన ఆయిల్ పాళ్లు తేల్చుకుని, కార్బురేటర్‌ను శుభ్రం చేయాలి. 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్ అన్న కొత్త కొలత బేరింగులుగా కంచు బుష్‌లున్న పురాతన ఇంజన్‌కు చాలదు.