అజరయ్య, వేదనాయగం శామ్యూల్

(1874–1945) భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పు. నేటి తూత్తుకుడి జిల్లాలోని వెల్లాలన్‌విళైలో పుట్టారు. తండ్రి గ్రామ పాస్టరు.

1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు తోడ్పడ్డారు. 1909లో సొసైటీ పనిమీద నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి, తమిళుడై ఉండీ తెలుగు నేర్చి ఊరూరా తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులయ్యారు.

సువార్త చెప్పడం పాస్టర్ల పని మాత్రమే కాదన్నది ఆయన పట్టుదల. బాప్తిస్మం పొందినవారు తమ తలమీద చెయ్యి పెట్టుకుని, సువార్త చాటకపోతే తమకు శ్రమ అని పౌలు మాటగా పలికేవారు.

1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్‌లో గుడి మండపాల తీరు స్తంభాలూ, మసీదు తరహా గుమ్మటాలూ కలిసి కనిపిస్తాయి.